అమెరికాలో క్రెడిట్ యూనియన్ సభ్యత్వం: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టులో కొత్త విద్యార్థులు దిగినప్పుడు ఒకసారి, కొత్త ఉద్యోగాల్లో చేరినప్పుడు మరొకసారి, ఎవరైనా కారు కొనబోతున్నప్పుడల్లా ఇంకొకసారి, క్రెడిట్ యూనియన్ల గురించి అవే సందేహాలు తిరిగి వస్తున్నాయి. ఫోనులో ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతుంటే ప్రతిసారీ ఏదో ఒకటి మరిచిపోతున్నాను కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీరున్న దశను బట్టి కావలసిన ప్రశ్నను మాత్రమే చదువుకోవచ్చు. వడ్డీ రేట్లు తరచూ మారుతుంటాయి కనుక నేటి రేట్ల జోలికి పోలేదు.

## చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

క్రెడిట్ యూనియన్ అంటే బ్యాంకేనా, లేక వేరే ఏదైనానా?

చేసే పనిని చూస్తే బ్యాంకే. జీతం జమ అవుతుంది, డెబిట్ కార్డు ఇస్తారు, కారుకూ ఇంటికీ అప్పు ఇస్తారు. తేడా అంతా యాజమాన్యంలో ఉంది. బ్యాంకు దాని వాటాదారుల సొత్తు, మీరు అందులో ఖాతాదారు మాత్రమే. క్రెడిట్ యూనియన్‌కు అందులో డబ్బు దాచుకున్న సభ్యులే యజమానులు. దాచింది 5 డాలర్లయినా 50,000 డాలర్లయినా మనిషికి ఒక్కటే ఓటు. సభ్యుల పొదుపును సభ్యులకే అప్పుగా ఇచ్చి, ఖర్చులూ నిల్వ నిధీ పోగా మిగిలిన దాన్ని తక్కువ వడ్డీ అప్పులుగానో, ఎక్కువ వడ్డీ పొదుపులుగానో, తగ్గిన ఫీజులుగానో తిరిగి సభ్యులకే అందించడం దాని పద్ధతి. లాభాపేక్ష లేని సంస్థ కావడం వల్ల దీనికి ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు. అమెరికాలో ఇటువంటివి ఇప్పుడు 4,000కు పైగా ఉన్నాయి, వాటి సభ్యులు 14 కోట్లకు పైమాటే.

ఇదేదో మన ఊరి సొసైటీలాగే ఉందే, అమెరికాకు ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది?

మీకు అలా అనిపించడంలో పొరపాటేమీ లేదు, ఎందుకంటే రెండింటి మూలమూ ఒక్కటే. పందొమ్మిదో శతాబ్దపు జర్మనీలో వడ్డీ వ్యాపారుల నుంచి రైతులను కాపాడడానికి రైఫైజెన్ అనే పురపాలకుడు మొదలుపెట్టిన గ్రామ పరపతి సంఘాలే ఈ రెండు కొమ్మలకూ వేరు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి ఆ సంఘాలను అధ్యయనం చేసి, ఇక్కడా అవే కావాలని 1890లలో నివేదిక సమర్పించాడు. 1904లో భారతదేశంలో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1907లో బోస్టన్ వర్తకుడు ఎడ్వర్డ్ ఫైలీన్ ప్రపంచయాత్రలో భాగంగా భారతదేశానికి వచ్చి, బెంగాల్ పల్లెల్లో ఈ సంఘాలు పనిచేసే తీరు చూసి, వెనక్కి వెళ్లాక అమెరికాలో ఈ ఉద్యమానికి తన సొంత డబ్బు ధారపోశాడు. కెనడాలో అప్పటికే ఇటువంటి సంఘాన్ని నెలకొల్పిన అల్ఫాన్స్ డెజార్డిన్ సాయంతో 1908లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టర్‌లో మొదటి అమెరికన్ క్రెడిట్ యూనియన్ ఏర్పడింది. దేశమంతటికీ వర్తించే చట్టం 1934లో రూజ్వెల్ట్ సంతకంతో వచ్చింది. మనం ఇక్కడికి వచ్చి కొత్తగా చేరుతున్నామనుకునే దానికి మన పల్లెలతో ఇంత దగ్గరి చుట్టరికం ఉంది.

అందరూ మేలంటున్నారు సరే, నాకు నిజంగా మిగిలేది ఎంత?

అది మీరు అప్పు తీసుకునేవారా, డబ్బు దాచుకునేవారా అన్న దాన్ని బట్టి ఉంటుంది. అప్పు తీసుకునేవారికే ఎక్కువ మేలు అని నా అభిప్రాయం. 25,000 డాలర్ల కారు అప్పును 60 నెలల్లో తీర్చేటట్లయితే 9 శాతం వడ్డీకి నెలకు సుమారు 519 డాలర్లు, 7 శాతానికి సుమారు 495 డాలర్లు కట్టాలి. నెల లెక్కలో 24 డాలర్లే కాబట్టి చిన్నదిగా కనిపిస్తుంది, అయిదేళ్లకు లెక్క వేస్తే 1,435 డాలర్ల దాకా తేలుతుంది. కేవలం పొదుపు ఖాతా కోసం చేరేవారికి ఇంత తేడా రాదు. ఆన్‌లైన్ బ్యాంకులు కొన్ని క్రెడిట్ యూనియన్ల కన్నా ఎక్కువ వడ్డీ ఇస్తాయి. నెలకు ఇంత నిల్వ ఉంచకపోతే కోత అనే నిబంధన లేని చెకింగ్ ఖాతా (రోజువారీ లావాదేవీలకు వాడేది) దొరకడం మాత్రం విద్యార్థులకు ఊరట. క్రెడిట్ యూనియన్ అనే పేరు చూసి రేటు తక్కువని నమ్మేయకుండా కనీసం రెండు చోట్ల రాతపూర్వకంగా రేటు తీసుకుని పోల్చుకోవాలి.

హైదరాబాదులో సహకార బ్యాంకులు మూతపడి జనం డబ్బు ఇరుక్కుపోయింది కదా, ఇక్కడ అలా జరిగితే?

2000ల మొదట్లో ఆ అనుభవాన్ని ఇంట్లో చూసినవారు ఈ ప్రశ్న అడగకుండా ఉండలేరు, అడగాలి కూడా. క్రెడిట్ యూనియన్లు మునగవని ఎవరైనా చెబితే నమ్మకండి. కొన్ని మునిగాయి, కొన్నిటిని మరొక దానిలో కలిపేశారు. అయితే ఇక్కడ జమల మీద బీమా ఉంది. బ్యాంకు జమలకు ఎఫ్‌డీఐసీ అనే ప్రభుత్వ బీమా సంస్థ ఎలాగో, క్రెడిట్ యూనియన్లకు నేషనల్ క్రెడిట్ యూనియన్ అడ్మినిస్ట్రేషన్ అలాగ. దీన్ని ఎన్‌సీయూఏ అంటారు. 1970 నుంచి ఈ సంస్థ నడిపే బీమా నిధి వెనుక అమెరికా ప్రభుత్వ పూచీ ఉంది. ఒక సభ్యుడికి ఒక క్రెడిట్ యూనియన్‌లో సొంత పేరు మీద ఉన్న సొమ్ముకు 2.5 లక్షల డాలర్ల వరకు రక్షణ ఉంటుంది. భార్యాభర్తల జాయింటు ఖాతాలో ఇద్దరి వాటాలకూ విడిగా లెక్క కడతారు కాబట్టి ఆ ఖాతాకు 5 లక్షల డాలర్ల వరకు వర్తిస్తుంది. పోలిక కోసం చెప్పాలంటే, భారతదేశంలో బ్యాంకు డిపాజిట్ల బీమా పరిమితి 2020 నుంచి 5 లక్షల రూపాయలు, మన ఊళ్లలోని ప్రాథమిక సహకార సంఘాలకు అదీ వర్తించదు.

రెండు జాగ్రత్తలు అవసరం. కొన్ని రాష్ట్రాల్లో, రాష్ట్ర చట్టం కింద నమోదైన కొన్ని క్రెడిట్ యూనియన్లకు ప్రభుత్వ బీమా బదులు ప్రైవేటు బీమా ఉంటుంది. తలుపు మీదా వెబ్‌సైటులోనూ ఎన్‌సీయూఏ ముద్ర ఉందో లేదో చూసుకుని చేరండి. రెండోది, అదే కౌంటరు దగ్గర అమ్మే మ్యూచువల్ ఫండ్లకూ యాన్యుటీలకూ ఈ బీమా వర్తించదు.

మావాళ్లంతా కలిసి చీటీ వేస్తున్నారు. దానికన్నా ఇది ఏ విధంగా మేలు?

చీటీ వెనుక ఉన్న ఆలోచనకూ దీనికీ పెద్ద తేడా లేదు: పదిమంది డబ్బు పోగు చేసి అవసరమైనవాడికి ముందుగా ఇవ్వడమే. తేడా వచ్చేది చీటీ నడిపేవారు మాట తప్పినప్పుడు. భారతదేశంలో చీటీలకు 1982 నాటి చట్టమూ రిజిస్ట్రారూ ఉన్నారు. ఇక్కడ వాట్సాప్ గ్రూపులో నడిచే చీటీకి ఆ దన్ను లేదు, జమ మీద బీమా అసలే లేదు, పాడుకున్నవాడు ఉద్యోగం పోయి దేశం విడిచి వెళ్తే మిగిలినవారు చేయగలిగింది చాలా తక్కువ. పైగా చీటీ నెలనెలా ఎంత నమ్మకంగా కట్టినా అది మీ క్రెడిట్ చరిత్రలోకి ఎక్కదు.

పెద్ద బ్యాంకు ఖాతా మూసేసి పూర్తిగా దీనికే మారిపోవచ్చా?

మారినవారు ఉన్నారు గానీ, మొదటి ఏడాది రెండూ ఉంచుకోమనే చెబుతాను. చిన్న క్రెడిట్ యూనియన్లలో మొబైల్ యాప్ పాతకాలపుదిగా ఉండవచ్చు, జెల్ వంటి తక్షణ బదిలీ సౌకర్యం లేకపోవచ్చు, రాత్రిపూట ఫోను చేస్తే పలికేవారు ఉండకపోవచ్చు. క్రెడిట్ కార్డు పాయింట్లతో ఏటా ఇండియా టికెట్లు కొనుక్కునే అలవాటున్న కుటుంబాలకు పెద్ద బ్యాంకుల కార్డులే లాభసాటి. జీతం ఒకచోట, అప్పులు మరొకచోట ఉంచుకోవడంలో తప్పేమీ లేదు.

## చేరేటప్పుడు

నాకు నచ్చిన ఏ క్రెడిట్ యూనియన్‌లోనైనా చేరవచ్చా?

చేరలేరు. చట్టం ప్రకారం ప్రతి క్రెడిట్ యూనియన్‌కూ సభ్యత్వ పరిధి ఉంటుంది: ఒక కంపెనీ ఉద్యోగులు, ఒక విశ్వవిద్యాలయం వారు, ఒక కౌంటీలో నివసించేవారు, ఇలాగ. సియాటిల్‌లోని బెకూ ఇందుకు మంచి ఉదాహరణ. 1935లో బోయింగ్ కర్మాగారంలో కొత్తగా చేరినవారు పనిముట్లు సొంత డబ్బుతో కొనుక్కోవలసి వచ్చేది. వారికి అప్పు ఇవ్వడానికి 18 మంది ఉద్యోగులు తలా కొంత వేసుకుని దాన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు వాషింగ్టన్ రాష్ట్రంలో ఉండే ఎవరైనా అందులో చేరవచ్చు, కాబట్టి అక్కడి మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు చాలా అందులో ఉన్నాయి. సైనికులకూ వారి కుటుంబాలకూ పరిమితమైన నేవీ ఫెడరల్ సభ్యుల సంఖ్యలో దేశంలోకెల్లా పెద్దది; పెన్‌ఫెడ్ మాత్రం ఒకప్పుడు సైన్యానికి సంబంధించినదైనా ఇప్పుడు అందరికీ తెరిచే ఉంది.

ఒకే సంస్థలోని ఉద్యోగులకే పరిమితం కావాలా, అనేక సంస్థల వారిని కలుపుకోవచ్చా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి బ్యాంకుల పక్షాన తీర్పు వచ్చింది. అదే ఏడాది, అంటే 1998లో, అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి అనేక సంస్థల సభ్యత్వానికి దారి తెరిచింది. అందువల్ల మీ కంపెనీ హెచ్‌ఆర్ విభాగాన్ని అడిగితే మీరు ఊహించని క్రెడిట్ యూనియన్ పేరు రావచ్చు. మొదట అక్కడ, తరువాత మీ విశ్వవిద్యాలయంలో, ఆ తరువాత మీ కౌంటీలో వెతకండి.

సోషల్ సెక్యూరిటీ నంబరు ఇంకా రాలేదు. ఖాతా ఇస్తారా?

ఖాతా తెరవడానికి ఆ నంబరు తప్పనిసరి అని ఫెడరల్ నిబంధనలు చెప్పడం లేదు. అమెరికా పౌరులు కానివారికి పాస్‌పోర్టు నంబరు, అది జారీ అయిన దేశం పేరు తీసుకుని ఖాతా తెరవడానికి వీలుంది. అయితే వీలుండడం వేరు, ప్రతి క్రెడిట్ యూనియన్ ఆ పని చేయడం వేరు. విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా ఉన్నవాటికి ఎఫ్-1 వీసా విద్యార్థులు అలవాటే కాబట్టి అక్కడ పని సులువుగా అవుతుంది. ఆన్‌లైన్ దరఖాస్తు ఆ నంబరు లేకుండా ముందుకు సాగకపోతే నిరాశపడకుండా పాస్‌పోర్టు, విశ్వవిద్యాలయం ఇచ్చిన ఐ-20 పత్రం, ఇంటి లీజు కాగితం పట్టుకుని నేరుగా బ్రాంచికి వెళ్లండి. ఫోనులో కాదన్నవారే ఎదుట కూర్చున్నాక ఇచ్చిన సందర్భాలు చాలా చూశాను.

ముందుగా 5 డాలర్లు కట్టమంటున్నారు. అది ఫీజా?

కాదు, అది మీ వాటా. ఆ మొత్తం మీ పొదుపు ఖాతాలోనే ఉంటుంది, సభ్యత్వం వదులుకున్న రోజు తిరిగి వస్తుంది. కొన్నిచోట్ల 5, కొన్నిచోట్ల 25 డాలర్లు ఉంటుంది. ఆ నిల్వ అంతకన్నా తగ్గితే సభ్యత్వం రద్దయ్యే ప్రమాదం ఉంది కాబట్టి దాన్ని ముట్టుకోకండి.

షేర్ డ్రాఫ్ట్, షేర్ సర్టిఫికెట్ అంటున్నారు. ఇవేమైనా స్టాకు మార్కెట్ షేర్లా?

కానే కావు. షేర్ డ్రాఫ్ట్ అంటే చెకింగ్ ఖాతా, షేర్ సర్టిఫికెట్ అంటే మనం ఫిక్స్‌డ్ డిపాజిట్ అనేది. మీ సొమ్ము సంఘంలో వాటా కాబట్టి ఆ పేర్లు నిలిచిపోయాయి. ఈ వాటా విలువ పెరగదు, తగ్గదు.

దరఖాస్తు చేస్తే నా క్రెడిట్ స్కోరు తగ్గుతుందా?

సభ్యత్వానికి మాత్రమే దరఖాస్తు చేస్తే చాలాచోట్ల మీ పాత ఖాతాల నడవడిని చెక్స్‌సిస్టమ్స్ వంటి సంస్థ దగ్గర చూస్తారు, దానివల్ల స్కోరు మారదు. కొన్ని క్రెడిట్ యూనియన్లు సభ్యత్వం ఇచ్చేటప్పుడే పూర్తి స్థాయి క్రెడిట్ విచారణ చేస్తాయి, దానితో కొన్ని పాయింట్లు తగ్గవచ్చు. ఇంటి రుణానికి దరఖాస్తు చేసే నెలలో ఉన్నవారు సంతకం చేయకముందే ఈ సంగతి అడగాలి.

నా ద్వారా మా ఆవిడ, పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు చేరవచ్చా?

సభ్యుడి జీవిత భాగస్వామి, పిల్లలు, తోబుట్టువులు, తల్లిదండ్రులు, తాతా అమ్మమ్మలు, మనవలు సాధారణంగా అర్హులే. హెచ్-4 (ఉద్యోగి భార్య లేదా భర్త, పిల్లలకు ఇచ్చే) వీసా మీద ఉన్నవారికి సొంత ఆదాయం లేకపోయినా సభ్యత్వానికి అది అడ్డు కాదు. సందర్శక వీసా మీద వచ్చిన పెద్దవారి విషయంలో అర్హత ఉన్నా, అమెరికా చిరునామా రుజువు దగ్గర పని ఆగిపోతుంది. పిల్లల పేరు మీద చిన్న పొదుపు ఖాతా తెరిచి, పండుగకు వచ్చిన డబ్బు వాళ్ల చేతే జమ చేయించండి.

## ఖాతా నడుపుతున్నప్పుడు

నాకు వచ్చేది వడ్డీనా, డివిడెండా? పన్ను కాగితాల్లో ఎక్కడ చూపాలి?

క్రెడిట్ యూనియన్ దాన్ని డివిడెండు అని పిలిచినా, పన్ను శాఖ దృష్టిలో అది వడ్డీయే. ఏడాదికి 10 డాలర్లు లేదా అంతకు మించి వస్తే 1099-ఐఎన్‌టీ అనే కాగితం వస్తుంది, హెచ్-1బీ, గ్రీన్‌కార్డు వారు దాన్ని వడ్డీ గడిలోనే చూపాలి. కంపెనీ షేర్ల డివిడెండు గడిలో చూపి, తరువాత సవరణ రిటర్ను వేసుకున్నవారు ఉన్నారు. ఎఫ్-1 మీద వచ్చి మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలలో ఉన్న విద్యార్థులు పన్ను లెక్కలో సాధారణంగా నాన్ రెసిడెంటు కిందికి వస్తారు. వారికి ఈ డిపాజిట్ వడ్డీ మీద అమెరికా పన్ను ఉండదు. ఖాతా తెరిచేటప్పుడు వారు, రెసిడెంట్లు ఇచ్చే డబ్ల్యూ-9 బదులు డబ్ల్యూ-8బెన్ ఫారం ఇవ్వాలి. కౌంటరులో కూర్చున్నవారు అలవాటు కొద్దీ డబ్ల్యూ-9 ముందు పెడతారు, చూసి సంతకం చేయండి.

మా క్రెడిట్ యూనియన్‌కు ఊళ్లో ఒకటే బ్రాంచి. ప్రయాణాల్లో ఏం చేయాలి?

చాలా క్రెడిట్ యూనియన్లు తమ కౌంటర్లను ఒకదానికొకటి తెరిచి ఉంచుతాయి. దీన్ని షేర్డ్ బ్రాంచింగ్ అంటారు. డల్లాస్‌లో సభ్యుడైనవారు న్యూజెర్సీలో వేరే క్రెడిట్ యూనియన్ కౌంటరుకు వెళ్లి, తమ గుర్తింపు కార్డు చూపి డబ్బు జమ చేయవచ్చు, తీసుకోవచ్చు. ఉమ్మడి నెట్‌వర్కులో చార్జీ లేని ఏటీఎంలు 30,000కు పైగా ఉన్నాయి. మీది ఆ నెట్‌వర్కులో ఉందా లేదా అన్నది చేరేముందే తెలుసుకోవలసిన విషయం; అందరూ అందులో లేరు.

ఇక్కడి నుంచి ఇండియాకు డబ్బు పంపవచ్చా?

ఇది క్రెడిట్ యూనియన్ల బలమైన పక్షం కాదు. చిన్నవి కొన్ని విదేశీ వైరు బదిలీలు (నేరుగా విదేశీ బ్యాంకుకు డబ్బు పంపడం) అసలే చేయవు, చేసేవి కూడా మరొక సంస్థ ద్వారా చేస్తాయి కాబట్టి చార్జీ పడుతుంది, మారకపు రేటూ అంత బాగుండదు. మామూలుగా మనవాళ్లు వాడే డబ్బు పంపే సేవలకు మీ ఖాతా నంబరు, తొమ్మిది అంకెల రౌటింగ్ నంబరు ఇచ్చి జోడించుకుంటే సరిపోతుంది. 2026 జనవరి నుంచి నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్స్ చెక్కుతో చెల్లించి విదేశానికి పంపే సొమ్ము మీద 1 శాతం పన్ను వచ్చింది. క్రెడిట్ యూనియన్ ఖాతా నుంచి నేరుగా వెళ్లే సొమ్ముకు అది వర్తించదు.

డైరెక్టర్ల ఎన్నికకు ఓటు వేయమని కాగితం వచ్చింది. పారేయవచ్చా?

పారేయకండి. ఫెడరల్ క్రెడిట్ యూనియన్‌లో మీ బదులు ఇంకొకరు ఓటు వేసే వీలు కూడా లేదు, వేస్తే మీరే వేయాలి. డైరెక్టర్లు దాదాపు అందరూ జీతం లేకుండా పనిచేసే సభ్యులే. చట్టం ఒక్క పదవికి మాత్రమే పారితోషికం అనుమతిస్తుంది. ఓటు వేసేవారు చాలా కొద్దిమంది కావడంతో, కొన్ని వందల మంది తెలుగువారున్న విశ్వవిద్యాలయ క్రెడిట్ యూనియన్‌లో కూడా విద్యార్థుల ఇబ్బందులు బోర్డు ముందుకు రావడం లేదు. వార్షిక సమావేశానికి వెళ్లి సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివారి దరఖాస్తుల సంగతి అడిగే హక్కు మీకుంది, అది ఖాతాదారుకు బ్యాంకులో లేని హక్కు.

## అప్పు తీసుకునేటప్పుడు

నాకు క్రెడిట్ చరిత్రే లేదు. అప్పు ఎవరిస్తారు?

మీ డబ్బును పూచీగా పెట్టి మీరే అప్పు తీసుకోవడం నుంచి మొదలుపెట్టండి. 500 డాలర్లు పొదుపు ఖాతాలో వేస్తే, దాన్ని కదలకుండా ఆపి అంతే మొత్తాన్ని తక్కువ వడ్డీకి అప్పుగా ఇస్తారు; మీరు తీర్చే కొద్దీ ఆ సొమ్ము విడుదలవుతుంది. మన దగ్గర ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద అప్పు తీసుకోవడం వంటిదే. సొంత డబ్బుకు వడ్డీ కట్టడం వెర్రితనంలా కనిపిస్తుంది గానీ, సక్రమంగా కట్టిన ప్రతి నెలా క్రెడిట్ చరిత్రను నమోదు చేసే సంస్థలకు, అంటే క్రెడిట్ బ్యూరోలకు, చేరడమే ఇందులోని ప్రయోజనం. మూడు క్రెడిట్ బ్యూరోలకూ నివేదిస్తారా అని ముందే అడగండి, నివేదించకపోతే ఈ పని చేసి ఉపయోగం లేదు.

కారు అప్పు డీలరు దగ్గర తీసుకోవాలా, ఇక్కడ తీసుకోవాలా?

డీలరు దగ్గరకు వెళ్లకముందే క్రెడిట్ యూనియన్ నుంచి ముందస్తు ఆమోదం తీసుకుని జేబులో పెట్టుకోండి. డీలరు కుదిర్చే అప్పులో అసలు రుణదాత ఇచ్చిన రేటుకు పైన డీలరు కొంత కలుపుకునే అవకాశం ఉంటుంది. మీ దగ్గర కాగితం ఉంటే ఆ కలుపుడు తగ్గుతుంది. కొత్త కార్ల మీద కంపెనీలే సున్నా శాతానికో, చాలా తక్కువకో అప్పు ఇచ్చే రోజుల్లో మాత్రం క్రెడిట్ యూనియన్ దానికి సాటి రాదు. ఇప్పటికే ఎక్కువ వడ్డీకి కారు కొన్నవారు, ఏడాదిలో స్కోరు పెరిగాక ఆ అప్పును ఇక్కడికి మార్చుకోవచ్చు. వీసా గడువు తక్కువగా ఉంటే అప్పు గడువును కూడా అంతకే కుదించే క్రెడిట్ యూనియన్లు ఉన్నాయి, నెల వాయిదా పెరుగుతుంది కాబట్టి ముందుగా లెక్క చూసుకోండి.

వడ్డీకి పై హద్దు ఏమైనా ఉందా? ముందే తీర్చేస్తే జరిమానా వేస్తారా?

ఫెడరల్ క్రెడిట్ యూనియన్లకు చట్టం పెట్టిన హద్దు 15 శాతం, ఎన్‌సీయూఏ బోర్డు 1987 నుంచి దాన్ని 18 శాతంగా పొడిగిస్తూ వస్తోంది. క్రెడిట్ కార్డుకూ ఇదే హద్దు. పెద్ద బ్యాంకుల కార్డుల మీద 25 శాతం దాటిన వడ్డీ చూసినవారికి ఈ అంకె విలువ తెలుస్తుంది. ఫెడరల్ క్రెడిట్ యూనియన్ అప్పును ఏ రోజైనా జరిమానా లేకుండా తీర్చేయవచ్చు. ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ ఉద్యోగికి ఇచ్చే షేర్లు) చేతికి వచ్చినప్పుడు ఒకేసారి తీర్చేసే అలవాటున్న మనవాళ్లకు ఇది కలిసివచ్చే నిబంధన. రాష్ట్ర చట్టం కింద నమోదైన వాటికి ఆ రాష్ట్ర నిబంధనలు వర్తిస్తాయి.

కారు అప్పు పూర్తిగా తీర్చాను, అయినా టైటిల్ (కారు యాజమాన్య పత్రం) ఇవ్వడం లేదు. ఇదేం న్యాయం?

ఇది నాకే ఎదురైంది. చివరి వాయిదా కట్టి టైటిల్ కోసం ఎదురుచూస్తుంటే, అదే క్రెడిట్ యూనియన్ కార్డు మీద రెండు నెలల బాకీ ఉందని, అది తీరేదాకా టైటిల్ విడుదల చేయబోమని ఉత్తరం వచ్చింది. ఆ రెండు నెలలూ నేను ఇండియాలో ఉన్నాను, ఆటోపే ఆగిపోయిన సంగతి చూసుకోలేదు. కోపంతో అప్పు కాగితం తీసి చదివితే, ఆ కారు ఆ సంస్థలోని నా అన్ని అప్పులకూ పూచీగా ఉంటుందని చిన్న అక్షరాల్లో నేనే సంతకం చేసి ఉన్నాను.

దీన్ని క్రాస్ కొలేటరల్ నిబంధన అంటారు, క్రెడిట్ యూనియన్లలో చాలా మామూలు. అలాగే మీరు బాకీ పడితే అదే సంస్థలోని మీ పొదుపు ఖాతా నుంచి సొమ్ము మినహాయించుకునే హక్కు కూడా వాటికి ఉంటుంది. ఉద్యోగం పోయే సూచనలు ఉన్నప్పుడు మీ అత్యవసర నిధి అంతా మీరు అప్పున్న క్రెడిట్ యూనియన్‌లోనే ఉంచడం మంచిది కాదు. నా వరకు, కారు అప్పు ఒక సంస్థలో, క్రెడిట్ కార్డు మరొక సంస్థలో ఉంచుకోవడం ఆ రోజు నుంచి నియమంగా పెట్టుకున్నాను.

జీతం రావడానికి ఇంకా వారం ఉంది, వెయ్యి డాలర్లు కావాలి. పేడే లోన్ తీసుకోనా?

తీసుకోకండి, ఏడాది లెక్కన ఆ వడ్డీ వందల శాతాల్లో పడుతుంది. కొన్ని ఫెడరల్ క్రెడిట్ యూనియన్లు దానికి బదులుగా చిన్న అప్పులు ఇస్తాయి. ఒక రకంలో 200 నుంచి 1,000 డాలర్ల వరకు, 1 నుంచి 6 నెలల గడువుతో ఇస్తారు, దానికి కనీసం నెల రోజుల సభ్యత్వం కావాలి. రెండో రకంలో 2,000 డాలర్ల వరకు, 12 నెలల దాకా గడువు ఉంటుంది, చేరిన రోజే అడగవచ్చు. పైన చెప్పిన 18 శాతం హద్దుకు మినహాయింపుగా ఈ రెండింటికీ వడ్డీ హద్దు 28 శాతం, దరఖాస్తు రుసుము 20 డాలర్లకు మించకూడదు.

## ఉద్యోగం, ఊరు, దేశం మారినప్పుడు

ఆ కంపెనీ మానేశాను, వేరే రాష్ట్రానికి వెళ్తున్నాను. సభ్యత్వం పోతుందా?

సాధారణంగా పోదు. ఒకసారి సభ్యులైతే ఎప్పటికీ సభ్యులే అన్న పద్ధతిని దాదాపు అన్ని క్రెడిట్ యూనియన్లూ పాటిస్తాయి. ఉద్యోగులకు మాత్రమే ఇచ్చే వడ్డీ తగ్గింపు ఏదైనా ఉంటే అది ఆగిపోవచ్చు. చిరునామా, ఫోను నంబరు మార్చుకోవడం మరవకండి.

ఇండియాకు పూర్తిగా తిరిగి వెళ్లిపోతున్నాను. ఖాతా ఉంచుకోవచ్చా?

పన్ను వాపసు, చివరి జీతం, అపార్టుమెంటు అడ్వాన్సు వచ్చేదాకా ఉంచుకోవడమే మంచిది. విదేశీ చిరునామాతో ఖాతా కొనసాగనివ్వని క్రెడిట్ యూనియన్లు ఉన్నాయి కాబట్టి విమానం ఎక్కకముందే అడిగి తెలుసుకోండి. అమెరికా ఫోను నంబరు రద్దయితే ఓటీపీలు రావు, అప్పుడు డబ్బు ఉన్నా అందుకోలేరు. చాలాకాలం ఏ లావాదేవీ లేకుండా వదిలేస్తే, రాష్ట్రాన్ని బట్టి సాధారణంగా 3 నుంచి 5 ఏళ్లలో ఆ సొమ్ము రాష్ట్ర ప్రభుత్వపు అన్‌క్లెయిమ్డ్ ఖాతాలోకి వెళ్తుంది; అది పోయినట్లు కాదు గానీ హైదరాబాదులో కూర్చుని తిరిగి రాబట్టుకోవడం పెద్ద పని.

నాకేమైనా జరిగితే ఈ డబ్బు ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకు అందుతుందా?

ఖాతాలో బెనిఫిషియరీగా వారి పేర్లు రాసి ఉంటే అందుతుంది. మరణ ధృవీకరణ పత్రం, తమ గుర్తింపు పత్రాలు ఇచ్చి వారు నేరుగా తీసుకోవచ్చు. పేరు రాయకపోతే ఆ రాష్ట్ర కోర్టు ప్రక్రియ ద్వారా రావాలి, తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఉన్న వృద్ధులకు అది నెలల తరబడి తిరిగే వ్యవహారం. ఆన్‌లైన్‌లో ఖాతా తెరిచిన ఒంటరి యువకులు చాలామంది ఈ గడిని ఖాళీగా వదిలేస్తున్నారు. పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్లే, ఇంటిపేరు పూర్తిగా విడదీసి రాయండి. మన ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి రాసిన కాగితాలు అక్కడివారికి ఒకే మనిషివిగా కనిపించవు.